చేపలకి చోటులేని వంటిల్లు

కొత్త వంటింట్లో పాలు పొంగించే ముందు మా ఆయన నన్ను పక్కకి పిలిచి, "పాలు తక్కువగా పొయ్. పొంగినట్టుండాలి గానీ పొయ్యి మీద పడకూడదు. ఆ అద్దం మీద మరక పడితే పోదంట" అన్నాడు. అంటే పొంగకుండా పొంగించాలన్నమాట. నేను గిన్నె నిండా పోశాను. పాలు పొంగి, నల్లటి అద్దం పొయ్యి మీదుగా పారి, తెల్లటి క్యాబినెట్ తలుపుల మీద చారలు కట్టుకుంటూ గచ్చు మీదకి కారాయి. వచ్చిన ఆడవాళ్ళంతా "పొంగాయి, పొంగాయి" అని సంబరపడ్డారు. మా ఆయన జేబురుమాలు తీసి మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు. ఆ వంటింట్లో నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

అప్పటికే నాకా వంటిల్లంటే రోత పుట్టి ఉంది. మాట పెద్దదైందేమో అనుకోకండి. చేప పొట్ట చీల్చి పేగులు లాగే చేతులు నావి. మొప్పలు పీకుతాను, జారిపోయే చేపని బూడిదలో పొర్లించి పొలుసు గీకుతాను. చిన్న చిన్న వాటికి నాకు రోత పుట్టదు.

మేం చేపలవాళ్ళం. మాది ఉప్పాడ తీరం. మా నాన్న వేటకెళ్ళేవాడు, మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. మా అత్తగారిదీ అదే బతుకు. ఇప్పటికీ ఆవిడ మా మరిది దగ్గర కాలనీలో ఉంటూ, ఇసుకలో వలలు పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. వద్దంటే వినదు. మా ఆయన వేటకి వెళ్ళలేదు. పడవలొచ్చే వేళకి ఒడ్డున నిలబడి, వేలంపాటలో చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది లారీలకెక్కిస్తాడు. పిఠాపురంలో మా ఇంటి స్థలం కొన్నది వంజరం, పునాది పోసింది పండుగప్ప, పైన స్లాబు వేసింది రొయ్య. ఆ ఇంట్లో చేప ఏ గదిలో తిరగాలో ఏ గదిలో తిరగకూడదో చెప్పడానికి మనమెవరం?

కాపరానికొచ్చిన కొత్తలో తీరాన ఉన్న మా ఇంట్లో వంటిల్లు సముద్రం వైపుండేది. ఏటా సముద్రపు కోత. మా ముందు వరస ఇళ్ళు పోయాక మా వంతు వచ్చింది. ఒక తుఫానుకి ముందు పోయింది వంటింటి గోడే. తెల్లారి వెళ్ళి చూస్తే పొయ్యి ఉంది, పొయ్యి మీద మట్టి దాక ఉంది, వెనక గోడ ఉండాల్సిన చోట సముద్రం ఉంది. దాక తీసుకుని వచ్చేశాం. తర్వాత కట్టుకున్న ఈ పిఠాపురం ఇంట్లో వంటగది, అన్ని గదులూ కట్టగా మిగిలిన ముక్కలో కట్టిన గది. పట్టపగలు కూడా లైటు వెయ్యాలి. సింకు చూస్తే చెంబు కడగడానికే అన్నట్టుండేది. చేప కడగాలంటే పెరట్లో పంపు దగ్గరికి పోవాలి, వానొస్తే గొడుగు కింద కూర్చోవాలి. అందుకే, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే, వంటిల్లు పడగొట్టి మళ్ళీ కట్టిద్దామని ముందు అడిగింది నేనే.

నేను కోరింది ఒక్కటి. కిటికీ కింద, నేలకి జానెడెత్తున ఒక గట్టు, దానికో పంపు, నీళ్ళు పోవడానికో వెడల్పాటి తూము. పీట వేసుకుని కూర్చుని, కత్తిపీట కాలి కింద తొక్కిపెట్టి, గాలి తగులుతుంటే చేపలు బాగు చేసుకోవాలి. మిగతాదంతా వాళ్ళిష్టం. బంగారు పూత వేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

కాకినాడ నుంచి డిజైన్ చేసే కుర్రాడొచ్చాడు. లాప్‌టాప్ తెరిచి మా వంటిల్లు బొమ్మ చూపించాడు. ఆ బొమ్మలో అంతా తెలుపు. గట్టు మీద ఒక గాజు గిన్నెలో ఆకుపచ్చ ఆపిల్‌పళ్ళు, పక్కన రెండు పుల్లలు గుచ్చిన పూలకుండీ. ఉప్పు డబ్బా లేదు, కరివేపాకు లేదు, మసిగుడ్డ లేదు. ఆ బొమ్మ వంటింట్లోకి ఎవరూ ఎప్పుడూ ఆకలితో వచ్చినట్టు లేదు.

"చేపలు ఎక్కడ బాగు చేస్తాను బాబూ?" అన్నాను.

"దానికి వెనక వెట్ కిచెన్ ఇచ్చేద్దాం మేడమ్. ఇప్పుడందరూ అలాగే చేయించుకుంటున్నారు. హెవీ కుకింగ్ అంతా బయట, ఇది నీట్‌గా ఉంటుంది."

"మరి ఇందులో ఏం వండాలి?"

"టీ, కాఫీ, నూడుల్స్... గెస్టులొస్తే ఇక్కడ సర్వ్ చెయ్యొచ్చు మేడమ్."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన ఆ ఆపిల్‌పళ్ళ వంక గుడ్లప్పగించి చూస్తున్నాడు. నాకప్పుడే ఒళ్ళు మండింది. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఊరికే అనేది కాదు. వండని వంటింటికి చిమ్నీ ఎందుకు, నాలుగు పొయ్యిలెందుకు? వాకిట్లో ఫొటో పెట్టుకుంటే సరిపోదూ?

మా ఆయన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. కొన్నేళ్ళ కిందట ఒక కల్యాణమండపంలో పెళ్ళికెళ్ళాం. ఆయన పొద్దున్నే ఒడ్డు నుంచి వచ్చి రెండుసార్లు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో పెద్దమనిషి కాసేపు అటూ ఇటూ చూసి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, లేచి వేరే వరసలోకి వెళ్ళిపోయాడు. నిజంగా వాసన వచ్చిందో, లేక మేమెవరమో తెలిసి వాసన వచ్చిందనుకున్నాడో ఆ దేవుడికి తెలియాలి. మా ఆయన భోజనం చెయ్యకుండా వచ్చేశాడు. ఆ రోజు నాకు జాలేసింది. ఆ తర్వాత నుంచి ఆయన ఒడ్డు నుంచి వచ్చిన బట్టలు గేటు దగ్గరే విప్పి బకెట్లో వేస్తాడు. అగరొత్తులు, స్ప్రేలు, నిమ్మకాయ సబ్బులు. ఇంట్లోకొచ్చిన ప్రతి మనిషి ముఖంలోకీ, ముక్కు చిట్లిస్తాడేమోనని చూస్తుంటాడు.

జాలి వేరు, నా గట్టు వేరు. నేను పట్టు పట్టాను. గట్టు లేకపోతే గోడ మీద గునపం పడనివ్వనన్నాను. రెండు రోజులు అలిగి, ఆఖరికి సరే అన్నాడు. డిజైన్ కుర్రాడు బొమ్మలో కిటికీ కింద ఒక గట్టు గీసి, దాని మీద కూడా ఒక పూలకుండీ పెట్టాడు.

పని మొదలైంది. పాత వంటగట్టు పగలగొట్టిన రోజు నుంచి ఇల్లు ఇల్లు కాదు. దుమ్ము అన్నంలో, దుమ్ము పక్కబట్టల్లో, దుమ్ము దేవుడి పటాల మీద. పెరట్లో పట్టా కట్టుకుని, దాని కింద సిలిండరు పెట్టుకుని వండుకున్నాను. వంట చేస్తుంటే ఇటుక ముక్క వచ్చి కూరలో పడితే తీసి పారేసి, మళ్ళీ మూత పెట్టేదాన్ని. పనివాళ్ళు తాగి పారేసిన టీ గ్లాసులు, నమిలి ఊసిన గుట్కా మరకలు, సిమెంటు గోనెల కింద ఎలుకలు. తర్వాత వడ్రంగులు దిగారు. ప్లైవుడ్డు మీద మైకా షీట్లు అతికించే జిగురు వాసన ఉంది చూశారూ, కళ్ళు మండి, గొంతు పట్టేసి, తలనొప్పితో మంచం పట్టాను. మా ఆయన ఆ గదిలోకెళ్ళి, గుండెల నిండా పీల్చి, "కొత్త ఇంటి వాసన" అన్నాడు. చేప వాసనేమో కంపు. ఈ విషమేమో సువాసన.

మేస్త్రి మాత్రం నా గట్టు బాగానే కట్టాడు. ముందు నన్ను కూర్చోమన్నాడు.

"కూర్చోండమ్మా, మీ మోకాలికి ఎక్కడికొస్తదో చూసి కడతానండి" అని, నేను పీట మీద కూర్చుంటే కొలత తీసుకుని, నీళ్ళు నిలవకుండా తూము వైపు వాలు పెట్టి కట్టాడు. తడి ఆరాక దాని దగ్గర కూర్చుని చూశాను. కిటికీలోంచి గాలి సరిగ్గా ముఖానికి తగిలింది. ఊరికే పంపు తిప్పి చేతులు కడుక్కున్నాను.

అంతలో మా చెల్లెలి వాళ్ళు కొత్త పడవ కొన్నారు. అన్నవరంలో వ్రతం చేయించుకుంటున్నాం రమ్మని పిలిచారు. పని జరుగుతోంది కదా అని నేను వెనకాడితే, మా ఆయనే, "వెళ్ళిరా, ఇక్కడ నేను చూసుకుంటాగా" అని తీసుకెళ్ళి బస్సెక్కించాడు. ఎన్నడూ లేంది కిటికీ పక్క సీటు చూసి మరీ కూర్చోబెట్టాడు. కొండ మీద వ్రతం చూసి, దణ్ణం పెట్టుకుని, ప్రసాదం పొట్లాలు కట్టించుకుని సాయంత్రానికి తిరిగొచ్చాను.

గట్టు లేదు. కిటికీ కింద తెల్లటి క్యాబినెట్, దానికి లాగితే జారుకుంటూ వచ్చే సొరుగులు. తూముకి సిమెంటు నింపి, పైన టైలు అతికించేశారు. పగిలిన ఇటుకలు పెరట్లో ఒక మూలకి పోసి ఉన్నాయి. ప్రసాదం పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అయ్యగారు చెప్పారండి, మమ్మల్నేం చెయ్యమంటారండి" అని మేస్త్రి తాపీ కడుక్కుంటూ నా వంక చూడకుండా అన్నాడు.

"అదేంటండీ, మీరు ఒప్పుకున్నదే కదా?" అని మా ఆయన్ని అడిగాను.

"వెనక రేకుల షెడ్డు వేయిస్తున్నాగా. నీకు కావాల్సిన గట్టు అక్కడ ఇంకా పెద్దది కట్టిస్తాను. ఇంత పెట్టి చేయించుకుని, నడి వంటింట్లో చేప రక్తమేంటి? ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు?"

"ఎవరొస్తారు?"

"ఎవరో ఒకరొస్తారు."

ఆ ఎవరో ఒకరి కోసం నన్ను దేవుడి కొండకి పంపించి నా గట్టు పగలగొట్టించాడు. ఎదురుగా ఉండి పోట్లాడి పగలగొట్టి ఉంటే ఇంత అసహ్యం వేసేది కాదు. నేను ప్రసాదం ఆయన చేతికి ఇవ్వలేదు. మేస్త్రికీ, వడ్రంగులకీ పంచిపెట్టేశాను.

ఇక పాలు పొంగించిన రోజు భోజనాలు. హోటలు నుంచి తెప్పించాడు. వెజిటబుల్ బిరియానీ, పనీరు కూర, అప్పడాలు. తీరం నుంచి మా వాళ్ళంతా వ్యాన్ కట్టించుకుని వచ్చారు. మా మేనమామ విస్తరి ముందు కూర్చుని, వడ్డనలన్నీ అయ్యేదాకా చెయ్యి పెట్టకుండా చూశాడు.

"చేపేదే?" అన్నాడు.

"లేదు మావయ్యా."

"పులుసు లేదా?"

"లేదు."

"వేట బందా ఇప్పుడు?" అన్నాడు అమాయకంగా. పనీరు ముక్క వేళ్ళతో నొక్కి చూసి, పక్కన పెట్టేశాడు. చేపల షావుకారు ఇంట్లో శుభకార్యానికి చేప ముక్క లేకపోవడం మా కులంలో నేను ఎరగను. ఆ మధ్యాహ్నం సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన మాత్రం ఊళ్ళో పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని సొరుగులు లాగి చూపిస్తూ తిరిగాడు.

మా అత్తగారు ఆ రోజు రాలేదు. మబ్బు పట్టిందంట, ఎండేసిన నెత్తళ్ళు తడిసిపోతాయని వాటి దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత నా వంట షెడ్డులోకి మారింది. ఎండ పూట రేకుల కింద నెత్తి మాడిపోయేది, వాన పూట ఆ చప్పుడుకి పిలిచినా వినపడేది కాదు. కాకులు, పిల్లులు, పక్కింటి కోళ్ళు. నేను దాకలో పులుసు కుదుపుతుంటే, గరిటె పెడితే ముక్క విరుగుతుందని రెండు చేతులా గుడ్డ పట్టుకుని కుదుపుతుంటే, పిల్లి వచ్చి చేప తల ఎత్తుకుపోయేది. వండింది గిన్నెలో పోసి, మూత పెట్టి, మూత మీద గుడ్డ కప్పి, తెల్లటి వంటింటి మీదుగా దొంగసొత్తులాగా భోజనాల బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాలి. ఆయన తినడానికి మాత్రం చేప కావాలి. తలకాయ నాకు, తోక నీకు అని పంచుకుని మరీ తింటాడు. తినగానే స్ప్రే కొడతాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఒకసారి ఇంటికొచ్చిన ఆయన స్నేహితుడి భార్య వంటిల్లంతా చూసి, "చేపల వ్యాపారం అంటే ఎలా ఉంటుందో అనుకున్నానండి. అసలు వాసనే లేదు, మీరు చేపలవాళ్ళంటే నమ్మలేం" అంది. పొగడ్త అనుకునే అంది పాపం. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను ఆవిడకి టీ ఇచ్చాను, ఆ వంటింట్లో అదొక్కటే కదా వండేది.

కొన్నాళ్ళకి ఎండలు నిలకడగా కాశాయి, నెత్తళ్ళు అమ్ముడయ్యాయి, మా అత్తగారు వచ్చింది. బస్సు దిగి, చంకలో గుడ్డ మూటతో గేటు తీసుకుని వచ్చింది. మా ఆయనకి తల్లంటే ప్రాణం. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబెట్టి, లైట్లన్నీ వేశాడు.

"అద్దంలాగుందిరా" అంది ఆవిడ. నిజంగానే మురిసిపోయింది. నా వైపు తిరిగి, "డబ్బాలియ్యవే. కొత్త వంటింటికి ఉప్పూ చింతపండూ తెచ్చాను. నెత్తళ్ళు కూడా, ఇసక లేకుండా ఏరి తెచ్చాను. నా చేత్తో పోసి పెడతాను" అని మూట ముడి విప్పబోయింది.

నేను డబ్బా కోసం సొరుగు లాగేలోపే మా ఆయన, "ఇలాగియ్యమ్మా, నేను పెడతాలే" అని మూట అందుకున్నాడు. అందుకున్నాడంటే, ముడిని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. చెయ్యి ఒంటికి దూరంగా చాపి, ముఖం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, గబగబా వెనక గుమ్మంలోంచి షెడ్డులోకి నడిచాడు. కావాలని చేసింది కాదు. అలవాటైపోయిందంతే. చచ్చిన ఎలుకని కూడా అలాగే పట్టుకెళ్ళి పారేస్తాడు.

ఆవిడ చేతులు మూట పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయాయి.

"ఎక్కడికట్టుకెళ్తున్నాడే?" అంది.

"షెడ్డులోకి అత్తమ్మా. చేపలన్నీ అక్కడే వండుతున్నాం."

"మరిక్కడేం వండుతావు?"

"టీ."

ఆవిడ చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని, ఆ తెల్లటి తలుపులకి తగలకుండా ఒద్దికగా నిలబడింది. తర్వాత కొంగు తీసి ఒక్కసారి తన ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. మూట వెళ్ళిన దారినే ఆవిడా వెనక గుమ్మం దాటి, షెడ్డులోకెళ్ళి, ఆ మూట పక్కన గొంతుక్కూర్చుంది.

"అమ్మా, ఇక్కడెందుకు, లోపలికొచ్చి సోఫాలో కూర్చో, ఏసీ వేస్తాను" అన్నాడు మా ఆయన.

"ఇక్కడ గాలాడతందిరా. నాకిక్కడ బాగుంది" అంది నవ్వుతూ. కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఇంటికొచ్చిన కొత్త మనిషి మర్యాద ఉంది.

ఆ పూటంతా షెడ్డులోనే ఉంది. నా కత్తిపీట తీసుకుని కానాగంత చేపలు తనే బాగు చేసింది. ఇద్దరం కలిసి పులుసు పెట్టుకున్నాం. ఆయనకి లోపల బల్ల మీద కంచం పెట్టి, నేను ఆవిడతో షెడ్డులోనే తిన్నాను. ఆయన రెండుసార్లు కంచం వదిలి గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వెళ్ళి తినరా, చల్లారిపోద్ది" అని ఆవిడ రెండుసార్లూ పంపించేసింది.

సాయంత్రం వెళ్తానంది. మా ఆయన బస్సొద్దని ఊరి దాకా ఆటో మాట్లాడాడు. బత్తాయిలు, రొట్టెలు, కొత్త దుప్పటి కొనుక్కొచ్చి, సంచీలు పట్టుకుని ముందు గేటు దగ్గర నిలబడ్డాడు. నేను ఆవిడని పిలవడానికి వెనక్కి వెళ్ళాను. అప్పటికే ఆవిడ కాళ్ళు కడుక్కుని, ఖాళీ గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని, పెరటి సందు తలుపు గడియ తీస్తోంది.

"ముందు ఆటో ఉందత్తమ్మా, మీ అబ్బాయి చూస్తున్నారు."

"తడి కాళ్ళతో ఆ గచ్చు మీద నడవలేనే. అడుగులు పడతాయి. బస్సుందిలే" అని నా చెంప ఒకసారి తడిమి, సందులోకి దిగి, తుమ్మచెట్ల పక్కగా నడిచి వెళ్ళిపోయింది.

నేను ఇంట్లోంచి నడిచి ముందుకొచ్చాను. ఆయన నా వెనక చూశాడు.

"అమ్మేదీ?"

"వెళ్ళిపోయిందండి. వెనక సందులోంచి."

"సందులోంచా? ఎందుకు? ముందు గుమ్మం ఉండగా?"

నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆ ముఖం చూస్తే, ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న రోతంతా ఒక్కసారి గొంతుకొచ్చింది.

"మీరు మూట పట్టుకున్న తీరు ఆవిడ చూసిందండి" అన్నాను.

ఆయన సంచీలు కింద పెట్టాడు. కుడి చెయ్యి పైకెత్తి, ఆ రెండు వేళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఆటో అబ్బాయి తల బయటికి పెట్టి, "ఉండాలాండి, వెళ్ళిపోవాలాండి?" అని అడుగుతూనే ఉన్నాడు.